ఆగింది కానీ దారివ్వలేదు: స్వయంచాలిత బస్సు ప్రవర్తనను మనిషి వైపు నుంచి రాసుకున్న ఒక కేసు

నాకు అప్పగించిన ఫైలులో రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. మొదటిది బస్సు కంప్యూటర్ రాసుకున్న లాగ్. పాదచారి గుర్తింపు, వేగం తగ్గింపు, నిలుపుదల, దారి ఖాళీ, కదలిక, మళ్లీ పాదచారి గుర్తింపు, మళ్లీ నిలుపుదల. ప్రతిదీ నిబంధనల ప్రకారమే జరిగిందని కింద ఇంజినీర్లు సంతకం పెట్టారు. రెండోది అదే పూట, అదే క్రాసింగ్ నుంచి వచ్చిన ఫిర్యాదు. అందులో ఉన్నది ఒకే వాక్యం: ‘బస్సు నన్ను బెదిరించింది.’

ఈ రెండు కాగితాల్లో ఏదీ అబద్ధం కాదు. లాగ్‌లో ఉన్నవన్నీ జరిగాయి, బెదిరింపూ జరిగింది. రెండింటినీ ఒకే సంఘటనగా చదవగలిగే భాష మాత్రం మా దగ్గర లేదు. ఈ కేసంతా ఆ భాష కోసం చేసిన ప్రయత్నమే.

వాహనాలకూ మనుషులకూ మధ్య జరిగే వ్యవహారాన్ని పరిశీలించడం నా వృత్తి. నన్ను పిలిచిన బృందం ఒక పెద్ద ప్రాంగణంలో చిన్న విద్యుత్ బస్సును నడుపుతోంది. దానికి స్టీరింగ్ లేదు, డ్రైవర్ సీటు లేదు. ముందే నిర్ణయించిన దారిలో తనంతట తానే తిరుగుతుంది. గరిష్ఠ వేగం గంటకు 18 కిలోమీటర్లు. లోపల ఒక సేఫ్టీ ఆపరేటర్ ఉంటారు. ఎర్ర బటన్ నొక్కితే బస్సు నిలిచిపోతుంది, అవసరమైతే చేతిలో ఇమిడే కంట్రోలర్‌తో వారే దాన్ని నడపవచ్చు. బృందం నన్ను అడిగింది ఒక్కటే: బస్సు ముందు భాగంలో తెర పెట్టి ‘దాటండి’ అని చూపిస్తే ఫిర్యాదులు తగ్గుతాయా? తెర సంగతి తర్వాత చూద్దాం, ముందు కొన్నాళ్లు క్రాసింగ్ దగ్గర నిలబడనివ్వండి అన్నాను.

పదకొండు సెకన్లు

రెండో రోజు ఉదయం కళ్లారా చూసిన సంగతి ఇది. తర్వాత వీడియోలో సెకను సెకనుకూ ఆపి చూశాను.

ఒకామె మనవడిని వెంటబెట్టుకుని క్రాసింగ్ వైపు నడుస్తోంది. బస్సు ఎడమ నుంచి వస్తోంది. ఆమె అంచుకు చేరేసరికి బస్సు ఇంకా పూర్తి వేగంతోనే ఉంది. ఆమె నిలబడిపోయింది, పిల్లవాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు బస్సుకు బ్రేకు పడింది. ముందు భాగం కొంచెం కిందికి వంగి లేచింది, చారలకు మూడు మీటర్ల ముందు ఆగింది. ఆమె అద్దం వైపు చూసింది. డ్రైవర్ ముఖం ఉండాల్సిన చోట ఆకాశం ప్రతిబింబిస్తోంది. లోపల ఆపరేటర్ ఒక ప్రయాణికుడితో మాట్లాడుతూ పక్కకు తిరిగి ఉన్నాడు. ఆమె ఒక పాదం రోడ్డు మీద పెట్టింది. ఎందుకో నమ్మకం కుదరక వెనక్కి తీసుకుంది.

ఆ పాదం వెనక్కి వెళ్లడాన్ని బస్సు ‘ఈమె దాటదు’ అని లెక్కించింది. ఒక జానెడు ముందుకు కదిలింది. సరిగ్గా అప్పుడే పిల్లవాడు ఆమెను ముందుకు లాగాడు. ఆమె రెండడుగులు వేసింది. బస్సు కుదుపుతో ఆగింది, లోపల నిలబడ్డ ఒకతను కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆమె పిల్లవాడిని వెనక్కి లాక్కుని, ‘నువ్వే పో’ అన్నట్టు బస్సుకు చెయ్యి ఊపింది. బస్సుకు ఆ సైగ తెలియదు. ఆమె అంచు మీదే ఉంది కాబట్టి అది కదల్లేదు. అది కదలడం లేదు కాబట్టి ఆమె కూడా కదల్లేదు. మొదటి బ్రేకు నుంచి ఈ ప్రతిష్టంభన దాకా పట్టింది పదకొండు సెకన్లు. చివరికి ఆపరేటర్ తలుపు తెరిచి, ‘వెళ్లండమ్మా, అది మిమ్మల్ని చూసింది’ అన్నాడు.

ఆమె అన్న మాట నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉంది: ‘నాయనా, నువ్వు చూశావు సరే. అది నన్ను చూసిందని నాకెలా తెలియాలి?’

నిజానికి బస్సు లైడార్, అంటే లేజర్ కిరణాలతో చుట్టుపక్కల వస్తువుల దూరం కొలిచే పరికరం, ఆమెను చాలా దూరం నుంచే పట్టుకుంది. క్రాసింగ్ వైపు తిరగకముందే ఆమె చుట్టూ గీసిన పెట్టె బస్సు కంప్యూటర్ తెర మీద కనిపిస్తోంది. ఇంజినీర్ల దృష్టిలో ‘చూడటం’ ఆ క్షణానే పూర్తయింది. ఆమె దృష్టిలో మాత్రం బస్సు చూడనే లేదు. ఎందుకంటే ఎదుటి బండి మనల్ని చూసిందని మనకు తెలిసేది దాని కదలిక మారినప్పుడే. ఆమె కళ్ల ముందు కదలిక చాలాసేపు మారలేదు.

లెక్క వేస్తే తేలింది

గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. ఆ రోజు సాఫ్ట్‌వేర్ బ్రేకు వేసిన తీరు ప్రకారం వేగం సెకనుకు రెండున్నర మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఆగడానికి 2 సెకన్లు, 5 మీటర్లు చాలు. ఆగే గీత చారలకు 3 మీటర్ల ఇవతల ఉంది. అంటే చారలకు 8 మీటర్ల దూరం వచ్చేదాకా బస్సు వేగంలో ఏ మార్పూ లేదు. సాంకేతికంగా అది సురక్షితమే. అంచు మీద నిలబడ్డ మనిషికి మాత్రం 8 మీటర్ల దూరంలో పూర్తి వేగంతో వస్తున్న బండి ఆగదనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

అదే బ్రేకును సెకనుకు ఒక మీటరు చొప్పున మెల్లగా వేస్తే ఆగడానికి 5 సెకన్లు, 12.5 మీటర్లు పడుతుంది. ప్రయాణ సమయం పెరిగిపోతుందని షెడ్యూలు చూసేవారు కంగారు పడ్డారు. పాత పద్ధతిలో ఆ 12.5 మీటర్లకు పట్టేది మూడున్నర సెకన్లు, కొత్త పద్ధతిలో 5. క్రాసింగ్‌కు పోయేది ఒకటిన్నర సెకను. మనిషి మామూలు నడకలో ఒక్క సెకనుకు కాస్త అటూ ఇటూగా 1.2 మీటర్లు నడుస్తాడు. కాబట్టి ఆమె అంచుకు చేరడానికి ఒకటి రెండు అడుగుల ముందే బస్సు తగ్గుతున్నట్టు చూసి ఉండేది.

ఇక్కడ ఒక విషయం మాలో చాలామందికి అప్పటిదాకా తట్టలేదు. బ్రేకు దీపాలు బండి వెనుక ఉంటాయి. వెనుక వచ్చేవారికి బస్సు తగ్గుతోందని ఎర్ర దీపం చెబుతుంది. ఎదురుగా నిలబడి ప్రాణం పణంగా పెట్టేవారికి ఏ దీపమూ లేదు. నేరుగా మన వైపు వచ్చే వస్తువు వేగం అంచనా వేయడం మనిషి కంటికి కష్టం. పక్క నుంచి చూసేవారికి నేల మీద కదలిక తెలుస్తుంది, ఎదురుగా ఉన్నవారికి ఆకారం పెద్దదవడం ఒక్కటే ఆధారం. పాత బండికి ఇంజిన్ మోత తగ్గడమైనా వినిపించేది. విద్యుత్ బండికి అదీ లేదు. డ్రైవర్ కళ్లలోకి చూసి దాటుతామని అందరం అనుకుంటాం కానీ, దూరం వల్లా అద్దం మీద మెరుపు వల్లా ఆ కళ్లు చాలాసార్లు కనిపించనే కనిపించవు. మనం అసలు చదివేది బండి నడకను. కాబట్టి బస్సుకు ముఖం లేకపోవడం మా అసలు సమస్య కాదని నాకు ఆ వారమే తెలిసింది. దాని నడకలో మాట లేదు.

స్థాయిలు చెప్పేది, చెప్పనిది

ప్రవర్తన వర్ణన ఎక్కడ రాసుకున్నారని అడిగితే బృందం నాకు ఒక పేజీ చూపించింది. అందులో ‘4వ స్థాయి స్వయంచాలన’ అని ఉంది, అంటే నిర్దేశిత పరిధిలో నడిపే పనంతా మనిషి సాయం లేకుండా యంత్రానిదే. దాని కింద నిర్దేశిత పరిధి: ఏ దారి, ఎంత వేగం, ఎలాంటి వాన వరకు.

ఈ స్థాయిలు వాహన ఇంజినీర్ల సంస్థ అయిన ఎస్‌ఏఈ వెలువరించిన జె3016 అనే పత్రం నుంచి వచ్చాయి. అది మొదట 2014లో వెలువడింది, 2021లో సవరించారు. 0 నుంచి 5 వరకు ఆరు స్థాయిలు. అది మంచి పత్రం, నేను రోజూ వాడతాను. కానీ అది చెప్పేది పని పంపకం గురించి. నడిపే పనిలో యంత్రం వంతు ఎంత, మనిషి వంతు ఎంత, పరిస్థితి చెయ్యి దాటితే అందుకోవాల్సింది ఎవరు? ఇంతవరకే. పరీక్ష దశలో లోపల మనిషి కూర్చున్నా స్థాయి మారదు, ఏ ఉద్దేశంతో రూపొందించారన్నదే లెక్క. ఒకే 4వ స్థాయిలో ఉన్న రెండు బస్సుల్లో ఒకటి పెద్దమనిషిలా నడవవచ్చు, మరొకటి తత్తరపాటుతో నడవవచ్చు. స్థాయి సంఖ్య ఆ తేడాను పట్టుకోదు. పట్టుకోవడం దాని పని కూడా కాదు. ఆ సంఖ్యనే ప్రవర్తన వర్ణనగా వాడుకోవడం మా పొరపాటు.

చట్టాలు సైతం ఇప్పుడు మనిషి కొలతతోనే మాట్లాడుతున్నాయి. బ్రిటన్ 2024లో చేసిన స్వయంచాలిత వాహనాల చట్టం, భద్రతా సూత్రాలు ఎలా ఉండాలో చెబుతూ, జాగ్రత్త, సామర్థ్యం ఉన్న మానవ డ్రైవర్లతో సమానమైన లేదా అంతకంటే మెరుగైన భద్రతను కోరింది. చదవడానికి చక్కగా ఉంది. అయితే జాగ్రత్త గల డ్రైవర్ క్రాసింగ్ దగ్గర ఎలా కనిపిస్తాడో, ఎన్ని మీటర్ల ముందు తగ్గుతాడో, తగ్గుతున్నట్టు ఎదుటివారికి ఎలా తెలియజేస్తాడో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. మేము రాయడానికి కూర్చున్నాం.

మాటలకు హద్దులు

మొదటి ప్రయత్నం విఫలమైంది. ఫిర్యాదుల్లోని క్రియలన్నీ జాబితా రాశాను: చూడలేదు, బెదిరించింది, తటపటాయించింది, మొండికేసింది, మీద మీదకు వచ్చింది, భయపడింది. ఇంజినీర్లు మర్యాదగానే చదివి, ‘యంత్రానికి భయం ఉండదండీ’ అన్నారు. నిజమే. నేను వాటికి బదులుగా యంత్రానికి తగిన పొడి మాటలు రాసి తెచ్చాను. అప్పుడు ఆపరేటర్లు చదివి, ఇది మేము చూస్తున్న బస్సు కాదన్నారు.

రెండో ప్రయత్నంలో ఒక నియమం పెట్టుకున్నాం. మనుషులు వాడిన మాటను దిద్దకూడదు. అది సాక్ష్యం. దాని పక్కనే, ఏ చోట నిలబడిన మనిషికి, ఏ క్షణంలో, ఏమి కనబడి, వినబడి ఆ మాట అనిపించిందో రాయాలి. ఆ పక్కన బస్సు లోపల ఆ క్షణంలో నడుస్తున్న నిర్ణయం రాయాలి. ఈ రెండు గడులూ ఒకదానికొకటి పొసగని చోటే మా పని ఉంటుంది.

ఈ పద్ధతిలో తేలిన నిర్వచనాల్లో ముఖ్యమైనవి రెండు. ‘ఆగడం’ అంటే చక్రాల వేగం సున్నా కావడం. దానికి చూసేవారితో పని లేదు. ‘దారివ్వడం’ మాత్రం ఇద్దరి మధ్య జరిగే పని. అంచు వైపు వస్తున్న మనిషి అంచు చేరకముందే బస్సు తగ్గుతోందని గ్రహించగలగాలి, అది నమ్మి అడుగు వేశాక అవతలి ఒడ్డు చేరేదాకా ఆ నమ్మకం చెదరకూడదు. మొదటి షరతు తప్పితే బస్సు ఆగినా దారివ్వనట్టే. రెండోది తప్పితే అది మరీ ఘోరం, ఎందుకంటే మనిషి అప్పటికే రోడ్డు మీద ఉంటాడు. లాగ్‌లో ‘దారిచ్చింది’ అని నమోదైన సంఘటనల వీడియోలను ఈ నిర్వచనంతో మళ్లీ చూస్తే వాటిలో చాలావాటిని కొట్టేయాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

‘తటపటాయించడం’ అనే మాటకు కూడా కొలత దొరికింది. ఎదుటి మనిషి ఒక్క అడుగుకు మించి చోటు మారకుండానే బస్సు తన నిర్ణయాన్ని ఒకటికి రెండుసార్లు మార్చుకుంటే అది తటపటాయింపు. అడుగు వెనక్కి తీసుకోవడాన్ని బస్సు ‘దాటదు’ అని చదవడమే దీనికి మూలం. మనుషుల్లో ఆ అడుగు అర్థం వేరు. వెనక్కి తీసుకున్న పాదం చాలాసార్లు ఒక ప్రశ్న: ‘నన్ను నిజంగా వెళ్లమంటున్నావా?’ దానికి జానెడు ముందుకు జరగడం జవాబైతే, ఆ మనిషి ‘బస్సు బెదిరించింది’ అనక ఏమంటుంది?

నిర్ణయాలు ఇలా గంతులు వేయడం చిన్న విషయంగా కొట్టివేయదగ్గది కాదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపే పట్టణంలో పరీక్షలో ఉన్న స్వయంచాలిత కారు, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె మరణించింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వ్యవస్థ ఆమెను గుర్తించిందని, అయితే వాహనమని, ఏదో వస్తువని, సైకిలని పదేపదే పేరు మారుస్తూ పోయిందని, పేరు మారిన ప్రతిసారీ అంతకుముందు ఆమె కదిలిన జాడను లెక్కలోంచి వదిలేసిందని తేలింది. మనిషి డ్రైవర్‌కు ఆ ఆకారం పేరు తెలియనక్కర్లేదు, ఏదో అడ్డంగా వస్తోందని తెలిస్తే చాలు. మా పత్రంలో ప్రతి పరిస్థితినీ వస్తువు పేరుతో కాకుండా ‘దారికి అడ్డంగా వస్తున్నది’, ‘అంచు మీద నిలిచినది’ అని కదలికతో మొదలుపెట్టడానికి కారణం ఇదే.

ఎక్కడ నిలబడి చూస్తే

పాదచారి ఒక్కరే కాదు. బస్సు వెనుక సైకిల్ మీద వచ్చేవారి ఫిర్యాదు వేరు: ‘ఊరికే బ్రేకు వేస్తుంది.’ ఇంజినీర్లు దీన్ని లేని వస్తువును ఉన్నట్టు పొరబడటంగా విడదీసి, గాలికి ఊగే కొమ్మ, ఎగిరే ప్లాస్టిక్ సంచి వంటి వాటిని సరిదిద్దుతున్నారు. కానీ వీడియోల్లో మరో రకం కనిపించింది. బస్సు ముందు నిజంగానే ఒక పిల్లి దాటింది. బస్సు సరిగ్గానే ఆగింది. బస్సు గోడలాంటి వెనుక భాగాన్ని తప్ప మరేమీ చూడలేని సైకిలిస్టుకు మాత్రం అదీ ఊరికే వేసిన బ్రేకే. యంత్రం వైపు నుంచి చూస్తే ఇవి రెండు భిన్నమైన సంగతులు: ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. వెనుక ఉన్న మనిషి వైపు నుంచి రెండూ ఒకటే, రెండింటిలోనూ అతనికి దెబ్బ తగిలే అవకాశమూ ఒకటే. అందుకని మా పత్రంలో వాటికి ఒకే పేరు పెట్టాం: కారణం కనిపించని బ్రేకు. పరిష్కారం వస్తువు గుర్తింపును మెరుగుపరచడంతో ముగిసిపోదు, వెనుక వచ్చేవారికి ముందస్తు సూచన కూడా కావాలి.

లోపలి ఆపరేటర్ చోటు గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే అది విడిగా చెప్పుకోవాల్సినంత పెద్దది. గంటల తరబడి ఏమీ చేయకుండా చూస్తూ ఉండటం మనిషికి చేతకాని పని. 1948లోనే నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గడియారం ముల్లును కాచుకుని చూసే ప్రయోగంతో, అరగంటలోనే అప్రమత్తత పడిపోతుందని చూపించాడు. హైవే మీద లేన్‌లో నడిచే స్వయంచాలిత వ్యవస్థల కోసం ఐక్యరాజ్యసమితి 2020లో ఆమోదించిన 157వ నిబంధన, పగ్గాలు అందుకోమని డ్రైవర్‌ను పిలిచాక తీవ్రమైన లోపాలు లేని పక్షంలో కనీసం 10 సెకన్లు వేచి చూడాలంటుంది. మా ఆపరేటర్‌కు క్రాసింగ్ దగ్గర దొరికేది రెండు సెకన్లు. ఆ రోజు అతను పక్కకు తిరిగి మాట్లాడుతున్నాడని తప్పుపట్టిన వారితో నేను గట్టిగానే వాదించాను. ప్రయాణికులతో మాట్లాడే బాధ్యతను ఉద్యోగ పత్రంలో మనమే రాశాం.

మరో మాట మీద కూడా చాలాసేపు ఆగాం: ‘కనిష్ఠ ప్రమాద స్థితి’. ఏదైనా తేడా వస్తే బండి తనంతట తాను చేరుకోవాల్సిన స్థితికి ఈ రంగంలో ఉన్న పేరు అది. చాలా బండ్లకు దాని అర్థం రోడ్డు పక్కకు వెళ్లి ఆగడం. 2023 అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో, మరో కారు ఢీకొనడంతో ఒక పాదచారి ఎగిరి డ్రైవర్ లేని టాక్సీ ముందు పడింది. టాక్సీ ఆమెను ఢీకొట్టి ఆగింది. తర్వాత ఆ దెబ్బను పక్క నుంచి తగిలినదిగా పొరబడి, నియమం ప్రకారం రోడ్డు పక్కకు కదిలింది, కింద ఉన్న ఆమెను సుమారు 6 మీటర్లు ఈడ్చుకుపోయింది. ఆ కదలికకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పేరు ప్రమాదాన్ని కనిష్ఠం చేయడమే. ఎవరికి కనిష్ఠం? ఈ ప్రశ్నను మేము పత్రంలో ప్రతి రక్షణ చర్య పక్కనా విడిగా రాశాం. జవాబు తెలియని చోట బస్సు కదలకూడదని, ఆపరేటర్ కిందికి దిగి బస్సు చుట్టూ చూశాకే కదలాలని నిర్ణయించాం.

మార్చినవి

బ్రేకు సంగతి ముందే చెప్పాను. మనిషి అంచు వైపు వస్తుంటే ఇప్పుడు బస్సు ఆగే గీతకు 12.5 మీటర్ల దూరంలోనే తగ్గడం మొదలుపెడుతుంది, మొదట్లోనే కంటికి తెలిసేలా తగ్గుతుంది. ఒకసారి ఒక మనిషి కోసం ఆగాక, ఆ మనిషి అవతలికి చేరేదాకా లేదా అంచు వదిలి స్పష్టంగా దూరం జరిగేదాకా మాట తప్పదు. పాదం వెనక్కి తీసుకోవడం మాట తప్పడానికి కారణం కాదు. జానెడు జరగడం పూర్తిగా నిషేధం. కదలబోయే ముందు రెండు సెకన్లు బయటికి వినిపించే చిన్న శబ్దం.

తెర విషయంలో బృందానికీ నాకూ పేచీ వచ్చింది. ‘దాటండి’ అని బస్సు చెప్పకూడదన్నది నా పట్టు. పక్క లేన్‌లో వచ్చే బండి గురించి బస్సు హామీ ఇవ్వలేదు. అంచు మీద ముగ్గురుంటే ఆ మాట ఎవరితోనో కూడా తెలియదు. బస్సు తన సంగతి తాను చెప్పుకోవచ్చు: ఆగి ఉన్నాను, కదలబోతున్నాను. నిర్ణయం మనిషిది. చివరికి తెర మానేసి అద్దం పైన నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఒక దీపపు పట్టీ పెట్టాం. ఎరుపు, పసుపు, పచ్చ రంగులకు రోడ్డు మీద ఇప్పటికే అర్థాలున్నాయి, వాటిని కదపకూడదు. దీపం చూసి దాటిన వారికంటే బస్సు నడక చూసి దాటిన వారే ఎక్కువగా కనిపించారని ఆ తర్వాత క్రాసింగ్ దగ్గర గమనించాను. దాటిన వారిని ఆపి అడిగితే, కొందరు ‘దీపమా, ఏ దీపం?’ అన్నారు. నాకది సంతోషం కలిగించింది.

‘బెదిరించింది’ అన్న మాట ఆ తర్వాత ఫిర్యాదుల్లో కనిపించలేదు. దాని బదులు ప్రయాణికుల నుంచి ‘ఎంతసేపని నిలబడుతుంది?’ అన్నది మొదలైంది. తరగతులు వదిలే వేళ క్రాసింగ్ మీద జనం ఒకరి వెంట ఒకరు వస్తూనే ఉంటారు. మాట తప్పని బస్సు కదిలే దారి లేదు. మనిషి డ్రైవర్ అయితే ఒక సందు చూసి, నెమ్మదిగా చొరవ తీసుకుంటాడు. ఆ చొరవ, మేము నిషేధించిన ఆ జానెడు కదలిక ఒకే కుటుంబానికి చెందినవి. ఎక్కడ చొరవ ముగిసి బెదిరింపు మొదలవుతుందో గీత గీయడం నాకింకా చేతకాలేదు. ప్రస్తుతానికి ఆ వేళల్లో ఆపరేటర్ కిందికి దిగి, ఒక చెయ్యి ఎత్తి జనాన్ని ఆపి, బస్సును పంపుతున్నాడు. లోపల ‘పాదచారుల కోసం ఆగాం’ అని బస్సు చెబుతుంది. బయట ఉన్నవారికీ లోపల ఉన్నవారికీ ప్రయోజనాలు పొసగనప్పుడు, చుట్టూ ఇనుము లేనివారి వైపు మొగ్గాలన్నది ఈ పత్రంలో నేను వదులుకోని ఒకే ఒక్క వాక్యం.

ఖాళీగా ఉన్న గడి

పత్రం పూర్తయిందనుకున్న వారంలో చేతికర్రతో నడిచే ఒక పెద్దాయనను సమీక్షకు పిలిచాం. ఆయనకు చూపు లేదు. ఆ ప్రాంగణంలో చాలా ఏళ్లుగా నడుస్తున్నారు. పత్రం మొత్తం చదివి వినిపించాం. ఆయన ఓపికగా విని, ‘ప్రతి వాక్యమూ కనిపిస్తుంది, కనిపించదు అనే అంటోందండీ’ అన్నారు.

తర్వాత క్రాసింగ్‌కు వెళ్లాం. బస్సు మెల్లగా వచ్చి, మేము గర్వపడే తీరులో ముందే తగ్గి, ఆగింది. ఆయన కదల్లేదు. విద్యుత్ వాహనాలు నెమ్మదిగా వెళ్లేటప్పుడు శబ్దం చేయాలని చెప్పే 138వ ఐక్యరాజ్యసమితి నిబంధన, కదలిక మొదలైనప్పటి నుంచి గంటకు 20 కిలోమీటర్ల వరకే వర్తిస్తుంది. నిలబడి ఉన్న బండి శబ్దం చేయాలని అది కోరదు. మా బస్సు కూడా ఆగగానే నిశ్శబ్దమైపోతుంది. ‘వస్తున్నప్పుడు ఎక్కడుందో తెలిసింది,’ అన్నారు ఆయన కర్రను నేలకు ఆనించి. ‘ఆగగానే మాయమైపోయింది. ఇప్పుడది నా ముందుందా, వెళ్లిపోయిందా, కదలబోతోందా?’

మేము ఎంతో శ్రమపడి నిర్వచించిన దారివ్వడం ఆయన విషయంలో జరగనే లేదు. బస్సు ఎంత మర్యాదగా ఆగితే ఆయనకు అంత తక్కువ తెలుస్తోంది. కదలబోయే ముందు వచ్చే శబ్దం ఆయనకు హెచ్చరికే గానీ ఆహ్వానం కాదు.

పత్రంలో ఇప్పుడు ప్రతి వరుసలో ‘వినిపించేది’ అనే కొత్త గడి చేర్చాం. సగం వరుసల్లో అది ఖాళీగా ఉంది. ఆగి ఉన్న బస్సు ఎలాంటి శబ్దం చేస్తే అది ఆగి ఉందని తెలుస్తుందో, చుట్టుపక్కల గదుల్లో పనిచేసేవారికి రోజంతా బాధ కాకుండా ఎలా ఉండాలో తేల్చుకోవాలి. వచ్చే వారం నుంచి ఆ పెద్దాయన రోజూ ఉదయం గంటసేపు క్రాసింగ్ దగ్గర నాతో నిలబడతానన్నారు. మొదటి గడి ఆయన మాటలతోనే నింపబోతున్నాం.